గొలుసు ప్రార్థనలో నా ఎడమచెయ్యి

దయ్యాలను నమ్మే ఇంట్లో నేను పుట్టలేదు. మా నాన్నగారు కొల్లేటి ఒడ్డు ఊళ్ళల్లో సువార్తికుడిగా పనిచేశారు. ఎవరికో దయ్యం పట్టిందని కబురొస్తే బైబిలుతో పాటు గ్లూకోజు పొట్లం కూడా సంచిలో పెట్టుకుని సైకిలెక్కేవారు. "ముందు ఆ పిల్లకి అన్నం పెట్టారా లేదా?" అన్నది ఆ ఇంట్లో ఆయన అడిగే మొదటి ప్రశ్న.

నేను ఏలూరు దగ్గర వట్లూరులో టీచర్ని. ఆదివారం మా సంఘంలో పిల్లలకు సండే స్కూలు చెబుతాను. చనిపోయినవాళ్ళు ప్రభువునందు నిద్రిస్తారనీ, మన చుట్టూ తిరగరనీ ఆ పిల్లలకు ఎన్నిసార్లు చెప్పానో. ఇప్పటికీ అదే చెబుతాను. అదే నమ్ముతాను.

నేను రాయబోయే దాంట్లో చనిపోయినవాళ్ళు ఎవరూ లేరు. ఆ రోజు పార్కులో ఉన్న నలుగురమూ బతికే ఉన్నాం. నాకు భయమంతా అక్కడే ఉంది.

ఆ నలుగురి గురించి ముందు చెప్పాలి. నేను, మెర్సీ, విమల, ఝాన్సీ. చదువుకునే రోజుల్లో ఏలూరులో ఒకే క్రైస్తవ హాస్టల్లో ఉన్నాం. మెర్సీ తాడేపల్లిగూడెంలో నర్సుగా చేస్తోంది. విమల కాపురం కైకలూరులో; వాళ్ళాయన ప్రసాద్ గారికి చేపల చెరువులున్నాయి. ఝాన్సీది గుండుగొలను, వరి పండించే హిందూ కుటుంబం. హాస్టల్లో వంట బాగుంటుందని వాళ్ళ నాన్న అక్కడ చేర్పించారట. వచ్చిన మొదటి రోజే ఆ మాట అబద్ధమని దానికి తెలిసిపోయింది. అయినా వెళ్ళిపోలేదు.

ఆ హాస్టల్లో భోజనానికి ముందు గొలుసు ప్రార్థన ఉండేది. తెలియనివాళ్ళ కోసం చెబుతాను. అందరూ గుండ్రంగా కూర్చుని పక్కవాళ్ళ చేతులు పట్టుకుంటారు. కళ్ళు మూసుకుంటారు. ఒకరు ప్రార్థన మొదలుపెడతారు. తన వంతు అయ్యాక ఎడమ పక్కన ఉన్నవాళ్ళ చెయ్యి నొక్కుతారు. అంటే, ఇక నువ్వు అందుకో అని. పైకి ప్రార్థించలేనివాళ్ళు ఊరికే పక్క చెయ్యి నొక్కి వంతు దాటిస్తారు. అలా చుట్టు తిరిగి మొదలుపెట్టిన మనిషి దగ్గరకు వచ్చాక అందరూ కలిసి ఆమేన్ అంటారు.

మా వార్డెనమ్మ పెట్టిన నియమాలు రెండు. ఆమేన్ దాకా కళ్ళు తెరవకూడదు, చెయ్యి వదలకూడదు. ఆలస్యంగా వచ్చినవాళ్ళు మాట్లాడకుండా ఖాళీలో కూర్చుని పక్కవాళ్ళ చేతులు అందుకోవాలి. ఒకరు దేవుడితో మాట్లాడుతుంటే మధ్యలో ఆపడమంత అమర్యాద లేదనేవారు ఆవిడ. ఝాన్సీ కూడా రోజూ మా వలయంలో కూర్చునేది. దాని వంతు వస్తే చెయ్యి నొక్కి ఊరుకునేది. హాస్టలు వదిలి ఇన్నేళ్ళయినా మేం నలుగురం ఎక్కడ కలిసినా అన్నం ముందు అలాగే కూర్చుంటాం.

విమలకు ఆయాసం ఉంది. ఈ మధ్య అది ముదిరింది. ఒకసారి ఆసుపత్రిలో ఆక్సిజన్ పెట్టాల్సి వచ్చింది. నోట్లో కొట్టుకునే పంపు చేతికి అందేంత దూరంలో ఎప్పుడూ ఉండాలని డాక్టరు గట్టిగా చెప్పారు. అప్పటి నుంచి దానికి ఇల్లు దాటాలంటే భయం. చర్చికి కూడా రావడం మానేసింది. ఏలూరు పార్కులో ఒక పగలంతా హాయిగా గడుపుదామని మేమే పట్టుబట్టి దాన్ని బయటికి లాగాం.

ప్రసాద్ గారు కారులో తీసుకొచ్చి పార్కు గేటు దగ్గర దింపారు. విమల హ్యాండ్ బ్యాగు నా చేతికిచ్చి, "పంపు ఇందులో ఉందండీ రత్నం గారూ. తను ఎక్కడో పెట్టి మర్చిపోద్ది. మీరే కాస్త కనిపెట్టుకుని ఉండాలండీ" అన్నారు.

"మీరు నిశ్చింతగా వెళ్ళండి. ప్రాణంలా చూసుకుంటాం" అన్నాను. ఆ మాట నేనే అన్నాను.

రెండు రోజులుగా పట్టిన ముసురు విడిచి ఆ రోజే ఎండ కాసింది. ఆ పార్కు చాలా పెద్దది. నడిచేవాళ్ళ కోసం బాట, పిల్లల రైలు, తామరల కొలను, వాటి చుట్టూ పచ్చిక. సెలవు రోజు కావడంతో జనం బాగా వచ్చారు. ఒక పక్క ఎవరిదో పుట్టినరోజు. స్పీకరు పెట్టి పాటలు వేస్తున్నారు. మేం కొలను దాటి తురాయి చెట్టు కింద చాప పరిచాం.

పొద్దున్నంతా అంత సంతోషంగా గడిచి ఎన్నాళ్ళయిందో. నలుగురం పిల్లల రైలు ఎక్కాం. మెర్సీ మోకాళ్ళు ముందు సీటుకు తగులుతుంటే ఝాన్సీ, "నీకు గూడ్సు బండి కావాలే, ఇది చాలదు" అంది. విమల నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకుంది. దానికి ఆయాసం రాలేదు. చెరువు సంగతి మాత్రం మధ్యమధ్యలో తలుచుకునేది. ముసురు పడితే నీళ్ళల్లో గాలి తగ్గి చేపలు పైకొచ్చి నోళ్ళు తెరుస్తాయట. రెండు రోజులూ నీళ్ళల్లోకి గాలి ఎక్కించే మరలు తిప్పుతూనే ఉన్నారట. ఎండ కాసింది కదా, ఇక భయం లేదులే అని తనే సర్దిచెప్పుకుంది.

భోజనాల వేళయింది. గిన్నెలు తీస్తుంటే విమల లేచి, బాత్రూంకి వెళ్ళొస్తానంది.

"నేనూ రానా?" అన్నాను.

"నేనేం చంటిపిల్లనా? అదిగో, కనబడుతూనే ఉన్నాయిగా" అంది.

నిజంగానే కొత్త టాయిలెట్లు అక్కడి నుంచి కనిపిస్తున్నాయి. బ్యాగు చాప మీదే వదిలి వెళ్ళింది. ఫోను కూడా అందులోనే ఉంది. నేను వెనక్కి పిలవలేదు.

అది వెళ్ళాక నేను జామకాయలు కోయడం మొదలుపెట్టాను. కత్తి జారి ఎడమ బొటనవేలు తెగింది. రక్తం బాగానే వచ్చింది. మెర్సీ తన చేతిరుమాలు చింపి వేలికి చుట్టి ముడేసింది. ఇది విమల వెళ్ళిన తర్వాత జరిగింది. ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

విమల ఎంతకీ రాలేదు. కొత్త టాయిలెట్ల దగ్గర ఆడవాళ్ళు బారుగా నిలబడి ఉన్నారు కాబట్టి ఆలస్యమవుతుందనుకున్నాం.

"ఇది వచ్చేసరికి నా పులిహోర ఎండిపోద్ది. మీ ప్రార్థనేదో కానివ్వండి. మెర్సీ మొదలెడితే ఎలాగూ అది వెళ్ళి రెండుసార్లు తిరిగొస్తుంది" అంది ఝాన్సీ.

"నా ప్రార్థన మీద పడి ఏడుస్తావెందుకే? దేవుడికి లేని తొందర నీకు" అంటూ మెర్సీ చేతులు చాపింది.

మేం ఎలా కూర్చున్నామో చెప్పాలి. చాపకు ఒక పక్క మెర్సీ. మెర్సీకి ఎడమ పక్కన నేను. నాకు ఎడమ పక్కన విమల చోటు ఖాళీగా ఉంది; అక్కడ దాని బ్యాగు, చేపల పులుసు గిన్నె, నీళ్ళ క్యాను. ఆ ఖాళీకి అవతల, నాకు ఎదురుగా ఝాన్సీ. నేనూ ఝాన్సీ చేతులు చాపినా ఒకరినొకరం అందుకోలేం. విమల వస్తే అందుకుంటుందని నా ఎడమచెయ్యీ, ఝాన్సీ కుడిచెయ్యీ ఆ చోటు వైపు చాపి ఉంచుకుని కళ్ళు మూసుకున్నాం.

మెర్సీ ఎప్పటిలాగే లోకంలో ఉన్న సమస్తానికీ ప్రార్థించింది. మధ్యలో ఎవరో వచ్చి కూర్చున్నారు. అడుగుల చప్పుడు నాకు వినబడలేదు. నా ఎడమచేతిని ఒక చెయ్యి పట్టుకుంది. చల్లగా, తడిగా ఉంది. చెయ్యి కడుక్కుని తుడుచుకోకుండా వచ్చేసిందనుకున్నాను. విమల చేతిని కళ్ళు మూసుకుని గుర్తుపట్టగలను. దాని చూపుడువేలు కొస కొంచెం వంకర. అది నాకు తగిలింది.

మెర్సీ నా చెయ్యి నొక్కింది. నేను నాలుగు ముక్కల్లో ప్రార్థించాను. విమలను ఇన్నాళ్ళకు మా మధ్యకు తీసుకొచ్చినందుకు స్తోత్రం చెప్పాను. తర్వాత ఎడమచెయ్యి నొక్కాను.

నా ఎడమ పక్కన విమల గొంతు ప్రార్థన మొదలుపెట్టింది. మా ముగ్గురికీ వినబడింది. ఇందులో ఏ సందేహమూ లేదు. నా ఒక్కదానికే వినబడి ఉంటే ఇది రాసేదాన్ని కాదు.

"ప్రభువా, గాలి పంపించయ్యా. ఊపిరి ఆడటం లేదు. కాస్త గాలి పంపించు" అంది.

చెరువు సంగతి అనుకున్నాను. మెర్సీ కూడా అదే అనుకుందట. పక్క నుంచి మెల్లగా "అవును ప్రభువా" అంది. అలా అందించడం మా అలవాటు. ఎవరు ఏది అడుగుతున్నా మనం అవును ప్రభువా అంటాం.

విమల పొట్టిగా ప్రార్థించే మనిషి. ఆ రోజు మాత్రం ఆగలేదు. అడిగిందే అడుగుతోంది. మాటకూ మాటకూ మధ్య ఈల వేసినట్టు ఊపిరి చప్పుడు. ఆయాసం వచ్చిందేమోనని నాకు కంగారు పుట్టింది. కళ్ళు తెరిచి చూద్దామా అనుకున్నాను. తెరవలేదు. ప్రార్థన మధ్యలో కళ్ళు తెరిచే అలవాటు నా ఒంట్లో లేదు. చిన్నప్పటి నుంచీ ఆమేన్ అన్న తర్వాతే నా రెప్పలు లేచాయి. ఇంకొక్క మాటతో ముగిస్తుందిలే, పంపు పక్కనే ఉంది కదా అని ఊరుకున్నాను.

అప్పుడు ఆ చెయ్యి బిగిసింది. తెగిన బొటనవేలు మీద పట్టు పడి నొప్పి ప్రాణం లాగేసింది. మెల్లగా వదిలించుకోబోయాను. నేను లాగిన కొద్దీ అది ఇంకా గట్టిగా పట్టుకుంది. నీళ్ళల్లో మునిగేవాళ్ళు పట్టుకుంటే ఎలా ఉంటుందో మా కొల్లేటి ఊళ్ళల్లో చెబుతుంటారు. అలాంటి పట్టు.

ఎండలో కళ్ళు మూసుకుంటే రెప్పల వెనక ఎర్రగా ఉంటుంది కదా. అప్పటిదాకా అలాగే ఉంది. ఉన్నట్టుండి ఆ ఎరుపు పోయి నల్లగా అయిపోయింది. మబ్బు వస్తే అయ్యే నలుపు కాదు. తలుపు వేసిన గదిలోని నలుపు.

పుట్టినరోజు పాటలు ఆగిపోయాయి. పిల్లల రైలు కూత ఆగిపోయింది. ఎక్కడో దగ్గరలో కుళాయి నుంచి నీటి చుక్కలు పడుతున్న చప్పుడు మాత్రం వినబడుతోంది. బ్లీచింగు పౌడరు ఘాటు ముక్కులోకి కొట్టి గొంతులో దిగింది. ఊపిరి తీసుకోబోతే సగంలోనే ఆగిపోయింది. నా వీపుకు చల్లటి గోడ ఆనుకుని ఉన్నట్టు అనిపించింది. పచ్చిక మీద కూర్చున్న మనిషి వెనక గోడ ఎక్కడి నుంచి వస్తుంది?

ఇప్పుడు కళ్ళు తెరవాలనుకున్నాను. రాలేదు. నియమం కోసం కాదు, నిజంగానే రాలేదు. యేసయ్యా అని అరవాలనుకున్నాను. నోరు విడలేదు. నాకు ఊహ తెలిశాక ఆ నామం నా నోటికి రాకపోవడం అదొక్కసారే.

ఆ గొంతు నా పక్క నుంచే అంటోంది. "తలుపు తియ్యవా ప్రభువా. తలుపు దగ్గరే ఉన్నాను. ఎవరికీ వినబడటం లేదు. తలుపు..."

చెరువుకు తలుపు ఉండదు. ఆ ఆలోచన నాకు వచ్చింది. వచ్చినా ఏమీ చేయలేకపోయాను. మెర్సీ ఇంకా అవును ప్రభువా అంటూనే ఉంది. ఆ మాట నాకు గోడ అవతల నుంచి వినబడినట్టు వినబడింది.

"రత్నా! కళ్ళు తెరువు. ఏయ్, రత్నా!"

ఝాన్సీ గొంతు అది. దానితో నా రెప్పలు విడిపోయాయి. ఎండ, పచ్చిక, పాటలు అన్నీ ఒక్కసారిగా మీద పడ్డాయి. ఆ గొంతు మాట మధ్యలోనే తెగిపోయింది.

నా ఎడమ పక్కన ఎవరూ లేరు. బ్యాగు, గిన్నె, నీళ్ళ క్యాను ఎక్కడివక్కడే ఉన్నాయి. మనిషి కూర్చోవడానికి అక్కడ చోటు చేసిన గుర్తు కూడా లేదు. నా ఎడమచెయ్యి దేనినో పట్టుకున్నట్టు వంగి ఉంది. వేళ్ళ మీద తెల్లటి నొక్కుళ్ళు. బొటనవేలి గుడ్డ రక్తంతో తడిసిపోయింది.

ఝాన్సీ మొహం పాలిపోయి ఉంది. "ఇందాకట్నుంచీ నా కుడిచెయ్యి ఖాళీగానే ఉందే. దాని గొంతు వినబడుతోంది, చెయ్యేమో అందుకోవట్లేదు. అందుకే చూశాను" అంది.

ఏం చూసిందో అప్పుడు చెప్పలేదు. ఏదో ఘాటు తగిలినట్టు నా చెయ్యి లాక్కుని వాసన చూసింది. "బ్లీచింగు వాసనే ఇది. బాత్రూముల దగ్గరికి పద" అని, విమల బ్యాగు చంకన పెట్టుకుని పరిగెత్తింది.

కొత్త టాయిలెట్ల దగ్గర విమల లేదు. విమల గుర్తులు చెబితే వరసలో ఉన్న ఒకావిడ, "నీలం చీరావిడా అండీ? ఇక్కడ ఆలస్యమవుతుందని అటు పాత గదుల వైపు వెళ్ళారండీ" అని చేత్తో చూపించింది.

కొన్ని చెట్లు దాటితే వెనక పాత టాయిలెట్ గది. ఇనుప తలుపుకు బయట తాళం వేసి ఉంది. వెంటిలేటరుకు పాత ఫ్లెక్సీ బిగించారు. తలుపు మీద కొట్టాం. లోపల చప్పుడు లేదు. పిల్లల రైలు నడిపే అతను మా అరుపులు విని వచ్చాడు.

"అందులో ఎవరుంటారమ్మా? ఇందాకే కడిగి, బ్లీచింగు చల్లి తాళం వేసేశారు. అప్పుడప్పుడూ కడగడమే గానీ అది వాడట్లేదండీ" అన్నాడు.

"బాబూ, మా మనిషి లోపలుంది. ఆయాసం మనిషి. నీకు దణ్ణం పెడతాను" అన్నాను.

తాళంచెవి ఉన్న మనిషి భోజనానికి వెళ్ళాడట. రైలతను ఇనుప కడ్డీ తెచ్చాడు. అతనూ ఝాన్సీ కలిసి గడియ పెరికారు. తలుపు పూర్తిగా తెరుచుకోలేదు. దాని వెనక విమల పడి ఉంది.

మెర్సీ సందులోంచి దూరి దాన్ని కూర్చోబెట్టింది. పెదవులు నీలంగా ఉన్నాయి. ఝాన్సీ అందించిన పంపును మెర్సీ విమల నోట్లో పెట్టి కొట్టింది, మళ్ళీ కొట్టింది. నేను గుమ్మం బయట నిలబడిపోయాను. లోపల చీకట్లో నీటి చుక్కలు పడుతున్నాయి. అదే చప్పుడు. అదే ఘాటు. ఆ గదిలోకి నేను ఆ రోజుకు ముందు వెళ్ళలేదు, తర్వాత వెళ్ళలేదు.

కాసేపటికి విమల ఛాతీ కదిలింది. కళ్ళు తెరిచి, మెర్సీని కాదు, గుమ్మంలో ఉన్న నన్ను చూసింది. చాలాసేపు చూసింది. ఆశ్చర్యంగా.

"నువ్వెప్పుడు బయటికి వెళ్ళావే?" అంది.

ఆసుపత్రికి ఆటోలో తీసుకెళ్ళాం. ప్రభువు దయవల్ల ప్రాణం దక్కింది. ఇంకొంచెం ఆలస్యమైతే మా చేతుల్లో ఉండేది కాదని డాక్టరు అన్నారు. ప్రసాద్ గారు వచ్చి నా ముందు నిలబడితే తలెత్తలేకపోయాను. 

మర్నాడు మంచం పక్కన కూర్చున్నప్పుడు విమల తనకు గుర్తున్నదంతా చెప్పింది. లోపలి గదిలో ఉండగా బయట తలుపు పడిన చప్పుడు విన్నదట. కొట్టిందట, అరిచిందట. ఘాటుకు దగ్గు వచ్చి, ఊపిరి బిగిసి, తలుపు వెనక కూలబడిందట.

"అప్పుడు నువ్వొచ్చావు. తలుపు ఎలా తీశావో తెలీదు. నా పక్కన గోడకి ఆనుకుని కూర్చుని నా చెయ్యి పట్టుకున్నావు. నీ వేలికి గుడ్డ ఉంది. తడిగా తగిలింది. ఎప్పుడు కోసుకున్నావే అని అడుగుదామనుకున్నాను. మాట రాలేదు" అంది.

 నా వేలికున్న కట్టును తను తర్వాత చూసి ఉండొచ్చు. తలుపు తీశాక చూసి, ఆ మత్తులో ముందే చూసినట్టు అనుకుని ఉండొచ్చు. మెర్సీ కూడా అదే అంది. ఆక్సిజన్ తగ్గితే మనిషికి ఏవేవో తోస్తాయంది. నేనూ ఒప్పుకున్నాను.

"అయితే అంతసేపు ప్రార్థించావు కదే. గాలి పంపించమనీ, తలుపు తియ్యమనీ. అది మాకు వినబడింది" అన్నాను.

విమల తల అడ్డంగా ఊపింది. "నేనా? ఊపిరే లేదు, ప్రార్థన ఎక్కడిది? ప్రార్థించింది నువ్వు. చీకట్లో నీ గొంతే వినబడుతూ ఉంది. అది ఆగకూడదని నీ చెయ్యి గట్టిగా పట్టుకున్నాను."

మెర్సీ నా వైపు చూసింది. నా వంతు అయ్యాక నేను నోరు మెదపలేదని దానికి తెలుసు. దాని చెయ్యి నా కుడిచేతిలోనే ఉంది.

మా పాస్టరు గారికి ఈ సంగతంతా చెప్పాను. ఆయన చివరిదాకా విన్నారు. తర్వాత, "దేవుడు కాపాడిన విధానం మనకు అర్థం కావాలని ఏముందమ్మా? స్తోత్రం చెల్లించి ఊరుకోండి" అన్నారు. దేవుడు చేసిన మేలు గురించి నేను సంఘంలో సాక్ష్యం చెప్పాను. తలుపు వరకే చెప్పాను. చెయ్యి గురించి చెప్పలేదు.

బైబిలు వాక్యంలో యేసు శిష్యుడు పేతురును దూత చెరసాల నుంచి విడిపిస్తే, అతను విశ్వాసుల ఇంటికి వచ్చి తలుపు తట్టిన సంగతి నాకు పదేపదే గుర్తొస్తుంది. లోపల అందరూ పేతురు కోసమే ప్రార్థిస్తున్నారు. గొంతు గుర్తుపట్టి చెప్పిన పిల్లను పిచ్చిదన్నారు. అది పేతురు కాదు, అతని దూత అన్నారు. ఆ సంగతి సండే స్కూల్లో చెప్పినప్పుడల్లా పిల్లలు నవ్వేవారు, నేనూ నవ్వేదాన్ని. ఇప్పుడు నవ్వు రావడం లేదు. తలుపు బయట మనిషి నిలబడి తడుతుంటే లోపల ప్రార్థన చేసుకుంటూ కూర్చున్నది మేమే. కళ్ళు తెరిచింది మాలో ప్రార్థన చేయని మనిషి.

ప్రభువు దూత విమల గొంతుతో మమ్మల్ని పిలిచి ఉంటే, అంతవరకు నా విశ్వాసానికి ఇబ్బంది లేదు. ఆ గదిలో దాని పక్కన కూర్చున్నది నా రూపంలో వచ్చిన దూతే అయితే అదీ నమ్మగలను. కానీ నా రెప్పల వెనక చీకటి? వీపుకు తగిలిన గోడ? దూత ఒకరిని విడిపించడానికి వస్తాడు గానీ ఇంకొకరిని లోపల పెట్టి వెళ్ళడు. దీనికి మాత్రం ఎంత వెతికినా నాకు వాక్యం దొరకలేదు.

ఝాన్సీని చాలాసార్లు అడిగాను, కళ్ళు తెరిచినప్పుడు ఏం చూశావని. మాట మార్చేస్తుంది. ఒక్కసారి మాత్రం, "నీ చెయ్యి చాప మీద లేదే, ఎవరో లాగి పట్టుకున్నట్టు గాల్లో ఉంది. ఆ ఖాళీలోంచి దాని గొంతు వస్తోంది. ఇంక నన్ను అడక్కు" అంది. తర్వాత అడగలేదు.

విమల ఇప్పుడు బాగుంది. మందులు మార్చారు. చర్చికి వస్తోంది, స్త్రీల సమాజం మీటింగులకు వస్తోంది. ఎక్కడికెళ్ళినా ధైర్యంగా బాత్రూం తలుపు గడియ పెట్టుకుంటుంది. ఆ గది తనకు కలలోకి కూడా రాదంటుంది. నువ్వు పక్కనే ఉన్నావుగా, భయమెందుకే అంటుంది.

నేను తలుపు వేసుకోలేను. మా ఇంట్లో కూడా వేసుకోలేను. బాత్రూంలోకి వెళితే తలుపుకు అడ్డంగా బకెట్టు పెట్టి, సందు ఉంచి, బయట మా ఆయన్ని నిలబెడతాను. లిఫ్టు ఎక్కలేను. బ్లీచింగు వాసన వస్తే ఊపిరి సగంలో ఆగిపోతుంది. గుండె డాక్టరు, ఊపిరితిత్తుల డాక్టరు ఇద్దరూ చూశారు, ఏ జబ్బూ లేదన్నారు. ఆ ప్రార్థన సాగినంతసేపూ ఎండలో పచ్చిక మీద కూర్చున్న మనిషిని నేను.

కిందటి నెల మీటింగులో గొలుసు ప్రార్థన జరిగింది. నా ఎడమ పక్కన విమల కూర్చుంది. అందరూ కళ్ళు మూసుకున్నారు. నేను మూసుకోలేదు. విమల చెయ్యి నా చేతిలో వెచ్చగా, పొడిగా, తేలిగ్గా ఉంది. అది విడుదలైన మనిషి చెయ్యి. నా వంతు వచ్చినప్పుడు నేను ఆ చెయ్యి నొక్కి దాటించాను. చివర అందరూ ఆమేన్ అన్నారు.

పార్కులో ఆ ప్రార్థనకు ఆమేన్ ఎవరూ చెప్పలేదు. ఝాన్సీ పిలిస్తే లేచి పరిగెత్తాం, అంతే. విమల కోసం తలుపు తెరుచుకుంది. నేను ఎటు నుంచి బయటికి వచ్చానో, అసలు పూర్తిగా వచ్చానో లేదో, నాకు ఇప్పటికీ తెలియదు.